బండి రాని ఏడు

ఇరవై ఏళ్ళుగా ఒక మాట నాలో ఉండిపోయింది. దాన్ని బరువు అనడానికి కూడా నాకు సందేహమే. బరువు మోసేవాళ్ళకి భుజం నొప్పి పెడుతుంది. నాకు పెట్టలేదు. ఒకే పక్కకి ఒత్తిగిలి పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కి, కాసేపు అది మన చెయ్యి కానట్టు ఉంటుంది చూడండి, నాలో ఆ భాగం అలా ఉంది. ఉందని తెలుసు. ముట్టుకుంటే తెలియదు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. నేను పనిచేసిన కంపెనీ ఇప్పుడు లేదు, దాని పేరూ రాయను. మిగతావి ఉన్నవి ఉన్నట్టు రాస్తాను. తేదీలూ లెక్కలూ మనసులో పెట్టుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. ఆ అలవాటు వల్లే ఉద్యోగం వచ్చింది. ఆ అలవాటు వల్లే, తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేకుండా పోయింది.

మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి మల్కాపురంలో ఇల్లు తీసుకున్నారు. నేను పెరిగింది అక్కడే. లెక్కల్లో డిగ్రీ చేసి ఉక్కు కర్మాగారంలో చేరాను. తొంభైలలో నా పని బొగ్గు. బొగ్గు ఓడల మీద వస్తుంది. ఓడ ఎప్పుడు వస్తుందో ఓడకే తెలియదు. వాయుగుండం పడితే ఆలస్యం, రేవులో చోటు లేకపోతే ఆలస్యం, అవతలి దేశంలో సమ్మె చేస్తే అసలు బయలుదేరదు. కొలిమి మాత్రం ఆరకూడదు. కాబట్టి ఓడ రాకపోతే ఏం చేయాలో ముందుగానే తేల్చి పెట్టుకోవాలి. ఆ పని నాకు బాగా వచ్చు.

పనులు రెండు రకాలని అక్కడే నేర్చుకున్నాను. ముందే చేయాల్సినవి కొన్ని, ఆ ఏడు మొహం ఎలా ఉందో చూశాక చేయాల్సినవి కొన్ని. బొగ్గు యార్డు ఎంత పెద్దది కట్టాలన్నది ముందే తేల్చాలి. కట్టాక మార్చలేం. ఏ ఓడని పిలవాలి, దేన్ని వద్దనాలి అన్నది తరవాత చూసుకోవచ్చు. తరవాత చూసుకునే పనులు ఎవరి చేతిలో ఎక్కువ ఉంటే వాళ్ళు గట్టెక్కుతారు. ముందే అంతా చేసేసినవాళ్ళు మునుగుతారు. ఇది ఎంత చిన్న విషయమో చూడండి. ఇంతకన్నా పెద్ద విషయం ఈ కథలో ఇంకేమీ లేదు.

2002లో స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నాను. మావారు పోయి అప్పటికి ఏడాది. పిల్లలు లేరు. రెండేళ్ళు ఇంట్లో ఉన్నాను. యాభై దాటిన ఆడమనిషిని ఎవరు పిలుస్తారు అనుకుంటుండగా ఒక కొత్త కంపెనీ పిలిచింది. గింజల నూనెతో బయోడీజిల్ చేసే కంపెనీ. అప్పట్లో అందరి నోటా జట్రోఫా మాటే ఉండేది. పల్లెల్లో దాన్ని అడవి ఆముదం అంటారు. నీళ్ళు అక్కర్లేదనీ, బంజరులో పెరుగుతుందనీ, మేకలు కూడా ముట్టవనీ చెప్పేవారు. మేకలు ముట్టవన్నది నిజం.

కంపెనీకి నా అవసరం ఎందుకంటే, గింజ కూడా ఓడ లాంటిదే. వస్తుందో రాదో తెలియదు. వాన పడితే ఒక లెక్క, పడకపోతే ఒక లెక్క. డీజిల్ ధర ఏమవుతుందో తెలియదు. మొక్క మూడేళ్ళకి గానీ కాయదు, అప్పటికి ఎవరి బుద్ధి ఎలా ఉంటుందో అంతకన్నా తెలియదు. ఇన్ని తెలియనివాటి మధ్య, ఎక్కడ ఫ్యాక్టరీ పెట్టాలి, ఎన్ని ఊళ్ళతో మొక్కలు వేయించాలి, ఏ దారిన గింజ తేవాలి, అన్నీ కలిపి లీటరు ఎంతకి పడుతుంది, ఇది తేల్చమన్నారు. చవగ్గా తేల్చమన్నారు.

నేను మూడు రకాల ఏళ్ళు వేసుకున్నాను. మంచి ఏడు, నడిమి ఏడు, చెడ్డ ఏడు. మూడింట్లోనూ నిలబడే దారి వెతికాను. ఆరు నెలలు పట్టింది. తేలింది ఇది. ఫ్యాక్టరీ కొండల దగ్గర కాదు, పోర్టు దగ్గర పెట్టాలి. గింజ తక్కువైన ఏడు ఓడ మీద వచ్చే పామాయిల్ తెచ్చి పోసుకోవచ్చు. ఫ్యాక్టరీ ఒక్క రోజు కూడా ఆగదు. గింజ దొరికితే గింజ, లేకపోతే పామాయిల్. ఏడు మొహం చూశాక నిర్ణయించుకోవచ్చు.

దాంతోపాటు ఇంకొకటి తేలింది. కొండ దిగువ ఊళ్ళకి లారీ వెళ్ళి రావడానికి ఖర్చు ఒకటే. నిండుగా తెచ్చినా అంతే, సగం తెచ్చినా అంతే. ప్రతి దారికీ ఒక గీత గీశాను. ఆ దారిలో ఇన్ని బస్తాల కన్నా తక్కువ ఉంటే లారీ పంపకూడదు, ఆ డబ్బుతో పామాయిల్ కొనుక్కోవడమే చవక. ఆఫీసులో దాన్ని బండి గీత అనేవాళ్ళం. నేను మీకు చెప్పబోయే ఊరి దారికి బండి గీత నలభై బస్తాలు. ఆ ఊళ్ళో మొక్కలు వేయకముందే, చెడ్డ ఏడు ఆ ఊరికి లారీ వెళ్ళదని నా లెక్కలో ఉంది.

ఆ సంగతి ఊరికి చెప్పవద్దని డైరెక్టరు గారు నాతో అన్నారు.

ఈ వాక్యం రాసి లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. దీని సంగతి మళ్ళీ చెబుతాను. ముందు ఊరి సంగతి చెప్పనివ్వండి.

2005 మే నెల. విశాఖకి ఉత్తరంగా, కొండల మొదట్లో ఉన్న ఊరు. మాకు రమణ అని ఒక కుర్రాడు ఉండేవాడు, రైతులతో మాట్లాడి మొక్కలు వేయించడం అతని పని. ఆ ఊరివాడే. పదిరోజులుగా చెబుతున్నా జనం ఊ అనడం లేదనీ, పెద్దమనిషి ఎవరైనా వచ్చి చెబితే వింటారనీ నన్ను తీసుకెళ్ళాడు. బడి వరండాలో పాతిక మంది దాకా కూర్చున్నారు. నాకు కుర్చీ వేశారు. పళ్ళెంలో జీడిమామిడి పళ్ళు కోసి ఉప్పు చల్లి పెట్టారు. గొంతు పట్టేసే వగరు. తింటూ మాట్లాడాను.

కంపెనీ కాగితాల్లో మొక్కలు వేయాల్సింది బంజరు భూముల్లో. కానీ బంజరు ఎక్కడో కొండ మీద ఉంటుంది. రోడ్డు పక్కన ఉన్నవి జీడితోటలు. రోడ్డు పక్కన వేస్తేనే లారీకి చవక. అదీ నా లెక్కలోనే ఉంది. కాబట్టి ముదురు చెట్లు తీసేసి అడవి ఆముదం వేయమని రమణ చేత చెప్పిస్తున్నాం.

వెనకనుంచి ఒక ముసలాయన అందుకున్నాడు. "ఈ నూనె తాగి లారీ నడుత్తాదంట. మా ఈరిగాడు తాగితే మడిసే నడవడు."

ఈరిగాడు అక్కడే ఉన్నట్టున్నాడు. "నీ డబ్బులతో తాగేనేటి మావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అప్పుడు అప్పలనర్సమ్మ మాట్లాడింది. నలభై దాటిన మనిషి. భర్త గాజువాకలో తాపీపనికి వెళ్ళి నెలకోసారి వచ్చేవాడు. రోడ్డు పక్కన రెండెకరాల జీడితోట ఆమే చూసుకునేది. అత్తగారు వేసిన చెట్లు. ఆ ఊళ్ళో ఆమె ఏం చేస్తే మిగతావాళ్ళు అదే చేస్తారని రమణ దారిలోనే చెప్పాడు.

"మేడమ్, నాను ఒకటి అడగతన్నాను. జీడిపిక్క అయితే ఎవులకైనా అమ్ముకుంటాం. సంతలో అమ్ముతాం, సావుకారికి అమ్ముతాం, ఎవులూ కొనపోతే కాల్చుకు తింటాం. ఈ గింజ మీరు తప్ప ఎవులూ కొనరు. తింటే సచ్చిపోతాం. మరి కాపు తక్కువైన ఏడు మీ బండి వత్తాదా, రాదా?"

రమణ అడ్డొచ్చాడు. అక్కడ అక్కని అప్ప అంటారు. "నాను సెప్పేను కదా అప్పా, వత్తాదని."

"నువ్వుండరా. నువ్వు సెప్తే మీ అమ్మే నమ్మదు."

"నలుగురిలో పరువు తీసెయ్‌కు అప్పా."

"ఉంటే కదరా తియ్యడానికి." మళ్ళీ నవ్వులు. ఆమె మాత్రం నవ్వలేదు. నా వైపే చూస్తోంది. "మీరు సెప్పండి మేడమ్. మీ నోటితో సెప్పండి. ఆడమనిసి, పెద్దామె, మీకేటి అబద్దం సెప్పాల్సిన పని?"

నేను ఎంతసేపు ఆగానో చెప్పగలను. జీడిమామిడి ముక్క మింగేంతసేపు.

"వస్తుందమ్మా. ప్రతి ఏడూ వస్తుంది" అన్నాను.

ఆమె తల ఊపింది. అంతే. వారం తిరక్కుండా కట్టెల లారీవాడు వచ్చి ఆమె చెట్లు కొట్టించుకుపోయాడని రమణ ఫోన్‌లో చెప్పాడు. ఆ వెనకే ఇంకో పదకొండు కుటుంబాలవాళ్ళు కొట్టించారు. నేను చాలా సంతోషించాను. రోడ్డు పక్కన అన్నీ ఒకచోట కలిసి రావడంతో ఆ దారి ఖర్చు ఇంకా తగ్గింది.

ఇప్పుడు డైరెక్టరు గారి సంగతి.

పైన రాసినది అబద్ధం. ఆయన అలా అనలేదు. కొట్టేసి మళ్ళీ రాద్దామనుకున్నాను. ఉంచేశాను. ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నది అదే వాక్యం. కలం పట్టగానే దానంతట అది వచ్చిపడింది. ఎంత నున్నగా వచ్చిందో మీరూ చూశారు.

జరిగింది ఇది. నేను రెండు ప్రణాళికలు చేశాను. ఒకటి మీకు చెప్పినది. రెండోదానిలో కొండ దిగువన ఒక చిన్న గానుగ మిల్లు ఉంది. గింజ అక్కడే ఆడిస్తే లారీ మోయాల్సింది నూనె మాత్రమే, అప్పుడు తక్కువ కాపుకైనా లారీ పంపవచ్చు. చెడ్డ ఏడు కూడా ఊళ్ళో ఉన్న గింజంతా కొనితీరాలన్న షరతు కూడా అందులో పెట్టాను. అలా చేస్తే లీటరుకు ముప్పై పైసలు ఎక్కువ పడింది. ముప్పై పైసలు. ఆ రెండో ప్రణాళిక డైరెక్టరు గారికి చూపించలేదు. చూపిస్తే ఒప్పుకునేవారేమో. ఆయన కఠినుడు కాదు. నన్ను "అమ్మా" అనేవారు. ఊళ్ళకి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో ఆయన ఎన్నడూ నాతో మాట్లాడలేదు. బండి గీత అనేది ఒకటుందని కూడా ఆయనకి సరిగ్గా తెలుసో లేదో. అది నా చేతిపని.

ఎందుకు చూపించలేదు? ఈ ప్రశ్న నాకు నేను చాలాసార్లు వేసుకున్నాను. ఉద్యోగం పోతుందనా? పోదు. ఆయన మెప్పు కోసమా? కొంత. కానీ నిజం అంతకన్నా చిన్నది, చెప్పడానికే సిగ్గుగా ఉంది. మొదటి ప్రణాళిక అందంగా ఉంది. ఎక్కడా అతుకు లేదు. ఏ ఏడు వచ్చినా ఫ్యాక్టరీ ఆగదు, ఖర్చు పెరగదు. రెండోదానిలో ఆ మిల్లు, ఆ షరతు, ఆ ముప్పై పైసలు చీర మీద మాసికలా కనిపించాయి. జీవితమంతా తక్కువ ఖర్చు వెతికిన మనిషిని. దొరికాక, దాన్ని చెడగొట్టుకోవడానికి చెయ్యి రాలేదు.

ఏ ఏడు ఎలా ఉంటుందో తెలియకపోవడం అన్నది ఎన్ని లెక్కలు వేసినా పోదు. దాన్ని ఎవరో ఒకరి మీద దించాలి. కంపెనీ మీద దించితే ముప్పై పైసలు. ఊరి మీద దించితే నా లెక్కలో సున్నా. ఎందుకు సున్నా? ఊరి నష్టానికి నా లెక్కలో గడి లేదు కాబట్టి. గడి గీసింది ఎవరు? నేనే. మేం అన్నీ ఏడు మొహం చూశాక చేసేట్టు పెట్టుకున్నాం. అప్పలనర్సమ్మ చేత మాత్రం ముందే చేయించాం. కొట్టిన చెట్టుని ఏడు మొహం చూశాక మళ్ళీ నిలబెట్టలేరు. బొగ్గు ఓడని మేం వద్దంటే అది ఇంకో రేవుకి పోయి సరుకు దించుకునేది. నేను ఆ ఊరినీ ఓడలాగే లెక్క వేశాను. దానికి ఇంకో రేవు లేదన్నది తెలిసే వేశాను. ఆ మాట ఆమే నా మొహాన చెప్పింది కదా, మీరు తప్ప ఎవరూ కొనరని.

2008లో మొదటి కాపు వచ్చింది. నడిమి ఏడు. లారీ వెళ్ళింది. డప్పులు కొట్టారు. అప్పలనర్సమ్మ బస్తా పక్కన నిలబడితే ఫొటో తీశారు. ఆ ఫొటో ఆఫీసులో పెట్టారు. నేను రోజూ దాని ముందునుంచే వెళ్ళేదాన్ని, ఏమీ అనిపించేది కాదు. వచ్చే ఏడు కూడా ఇలాగే ఉండవచ్చు కదా అనుకునేదాన్ని. చెడ్డ ఏడు వస్తుందని లెక్క వేసిన మనిషిని, అది రాదని ఆశపడ్డాను. ఆశ పడడం నా వృత్తి కాదు. అయినా పడ్డాను.

2009లో వానలు సరిగ్గా పడలేదు. నవంబరులో రమణ ఫోన్ చేశాడు. ఊరంతా కలిపి ఇరవైరెండు బస్తాలు అయ్యాయనీ, జనం రోడ్డు మీద పేర్చి కూర్చున్నారనీ, ఒక్క ట్రిప్పు పంపమనీ అడిగాడు. నేను గీత చెప్పాను. అది అతనికీ తెలుసు. పోనీ అద్దె వ్యాను మాట్లాడతాను, సగం నేను పెట్టుకుంటాను అన్నాడు. వద్దన్నాను. ఒక ఊరికి చేస్తే అన్ని ఊళ్ళకీ చేయాలి అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టేసి క్యారేజీ తెరిచి అన్నం తిన్నాను. వంకాయ కూర.

ఆ నెల పోర్టులో పామాయిల్ ఓడ సమయానికి వచ్చింది. ఫ్యాక్టరీ ఒక్క రోజు ఆగలేదు. లీటరు ఖర్చు నేను నాలుగేళ్ళ ముందు చెప్పిన చోటే ఉంది, పైసల్లో తేడా. డైరెక్టరు గారు అందరికీ స్వీటు పంచారు. నాకు రెండు పెట్టెలు ఇచ్చారు. నా ప్రణాళిక ఎక్కడా తప్పలేదు. ఇది మీకు అర్థమవ్వాలి. అనుకోకుండా జరిగింది కాదు. అనుకున్నది అనుకున్నట్టు జరిగింది.

గింజలు రోడ్డు పక్కనే ఉండిపోయాయి. డిసెంబరులో అల్పపీడనం పట్టి వారం ముసురు. బస్తాలు బూజు పట్టాయి. లారీ ఎందుకు రాలేదంటే ఊరికి ఏం చెప్పావని రమణని అడిగాను. కాపు చాలలేదని చెప్పానన్నాడు. అది అబద్ధం కాదు. నిజమూ కాదు. మంచి మాట చెప్పావన్నాను. తరవాతి మూడు నెలల్లోనే రమణ ఉద్యోగం మానేశాడు. కారణం అడగలేదు.

మానే ముందు అతను ఒక పని చేశాడు. కాంట్రాక్టరుని బతిమాలి అప్పలనర్సమ్మని మా ఫ్యాక్టరీలోనే పనికి పెట్టించాడు. నాకు చెప్పలేదు. 2010 మార్చిలో ఒకరోజు ట్యాంకుల దగ్గర నడుస్తుంటే, నేల మీద ఒలికిన పామాయిల్ మీద రంపపు పొట్టు చల్లి ఊడుస్తున్న మనిషి తల ఎత్తింది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టి నవ్వింది. తప్పించుకునే చోటు లేదు. ఆ పని తనకి నేనే ఇప్పించాననుకుంది. "మీ దయ మేడమ్" అంది. కాదనలేదు.

ఆమె భర్తతో గాజువాకలో ఉంటోంది. భూమి అలా వదిలేశారు. రోజూ మధ్యాహ్నం నేను మెట్లు దిగేటప్పుడు "తిన్నారా మేడమ్?" అనేది. "తిన్నానమ్మా" అనేదాన్ని. నెలలకొద్దీ మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఇవే. నాకు అలవాటైపోయింది. చెబితే నమ్మరేమో, ఆమె సెలవు పెట్టిన రోజు ఏదో లోటుగా ఉండేది.

ఆ ఆగస్టులో ఒకరోజు ఆమె మెట్ల దగ్గర నాకోసం ఆగింది. చీపురు లేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని ఉంది.

"మేడమ్, ఒక మాట అడగొచ్చా?"

"అడుగమ్మా."

"మా ఇంటాయన నన్ను రోజూ అంతన్నాడు. మా అమ్మ ఏసిన సెట్లు కొట్టించేవు, పోనీ ఆ మొక్కలకైనా నీల్లు కట్టలేదు, నీ ఒల్లు బద్దకం వల్లే బండి రాలేదు అని. మా అత్త అయితే నా సేతి మంచినీల్లు కూడా తాగదు ఇప్పుడు. ఊర్లో మిగతా ఆల్లూ అదే అంతన్నారు, నాను ముందు కొట్టించబట్టే ఆల్లూ కొట్టించారని. నాకూ అలగే అనిపిత్తంది. ఇంకో నాలుగు కావిల్లు మోసుంటే కాసునేమో. మీకు లెక్కలు తెలుసు కదా. నిజిం సెప్పండి. నాను నీల్లు కట్టుంటే బండి వచ్చునా?"

దీనికి జవాబు నాకు తెలుసు. ఆమె తన రెండెకరాలకీ రోజూ నీళ్ళు మోసినా, ఊరి మొత్తం మీద ఇంకో మూడు నాలుగు బస్తాలు పెరిగేవి. నలభై కాదు కదా, ముప్పై కూడా అయ్యేది కాదు. ఆమె ఏం చేసినా లారీ రాదు. అది 2005 మేలోనే తేలిపోయింది, నేను ఆమె ఎదురుగా కూర్చుని పళ్ళు తినకముందే. ఒక్క వాక్యం చాలు. "నీ తప్పు లేదమ్మా, రాకూడదని ముందే నేను లెక్క వేశాను." ఆ వాక్యం తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళేది. భర్తకి చెప్పేది. అత్తకి చెప్పేది. నన్ను తిట్టుకునేది. ఊరు నన్ను తిట్టుకునేది. ఆమె చేతి నీళ్ళు ఆమె ఇంట్లో తాగేవాళ్ళు.

నేను ఉద్యోగంలో ఎవరినీ 'ఏమో' అననిచ్చేదాన్ని కాదు. ఏమో అన్న కుర్రాళ్ళని నిలబెట్టి అడిగేదాన్ని. తెలిస్తే తెలుసు అనండి, తెలియకపోతే ఎప్పటికి తెలుసుకుంటారో చెప్పండి, ఏమో అనేది జవాబు కాదు అనేదాన్ని.

"ఏమోనమ్మా" అన్నాను.

"అంతేలెండి. మా సేతుల్లో ఉన్నాది మేమే సేసుకోవాల" అని వెళ్ళిపోయింది. మర్నాడు మళ్ళీ "తిన్నారా మేడమ్?" అంది.

బడి వరండాలో చెప్పిన అబద్ధానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది నాకు. నలుగురి ముందు, కంపెనీ తరఫున, వానలు బాగుంటాయేమోనన్న ఆశతో. కావాలంటే ఇంకో రెండు వెతికి పెట్టగలను. కానీ మెట్ల దగ్గర అన్న ఆ ఒక్క మాటకి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. అప్పటికి కంపెనీకి దానివల్ల పోయేదేమీ లేదు. ఆ ఊరిని జాబితాలోంచి తీసేశాం. నాకు పోయేది కూడా ఏమీ లేదు, ఇంకో ఏడాదిలో మానేద్దామనుకుంటున్న ఉద్యోగం. మరి ఎందుకు? ఆమె నన్ను చూసి నవ్వడం ఆగిపోతుందనా? అంత చిన్నదానికా? అవునేమో. అంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండేది. పెద్ద కారణానికి చేసిన తప్పు కాస్త గౌరవంగా ఉంటుంది.

నేను 2011లో మానేశాను. మరి రెండేళ్ళకి కంపెనీ మూతపడింది. పామాయిల్ ధర పెరిగింది, నేను వేసుకున్న మూడు రకాల ఏళ్ళలో అలాంటి ఏడు లేదు. ఈమధ్య సింహాచలం కొండ మీద దర్శనం వరసలో రమణ కనిపించాడు. జుట్టు నెరిసింది. ఇద్దరం ఇనుప కమ్మీకి అటూ ఇటూ నిలబడి మాట్లాడుకున్నాం. నేనే అడిగాను. అప్పలనర్సమ్మ ఊళ్ళోనే ఉందట. అత్త పోయింది. ఆ రెండెకరాల్లో ఇప్పుడు సరుగుడు వేశారట. భర్తకి కోపం వచ్చినప్పుడు ఇప్పటికీ అదే మాటట, నీళ్ళు కట్టలేదని. రమణ నవ్వుతూ చెప్పాడు, పాత సంసారాల్లో ఉండే పోరులే అన్నట్టు. వరస కదిలింది. అతను ముందుకి వెళ్ళిపోయాడు.

ఆ ఊరికి ఇప్పుడు బస్సు ఉంది. గంటన్నర. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. వెళ్ళి చెప్పవచ్చు. చెబితే ఆమె ఇన్నేళ్ళూ పడిన మాటలన్నీ అక్కర్లేకుండా పడినవని కూడా చెప్పినట్టే కదా, అది ఆమెకి మంచిదా చెడ్డదా అని ఆలోచిస్తున్నాను. ఇది కూడా వెళ్ళకపోవడానికి నేను వెతుక్కున్న లెక్కే అయ్యుంటుంది. నాకు లెక్కలు త్వరగా దొరుకుతాయి.

కాబట్టి ఆమెకి చెప్పలేదు. మీకు చెప్పాను. ఈ రెండూ ఒకటి కావు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, మీది నేనేమీ చెడగొట్టలేదు కదా. ఆమెని అడిగే దారి నాకు తెలుసు, ఆ దారిన నేను వెళ్ళడం లేదు. ఇంతే జరిగింది. రాయడం మొదలుపెట్టినప్పుడు పొద్దున్న తొమ్మిదిన్నర, ఇప్పుడు మధ్యాహ్నం రెండు. ఊపిరి ఇదివరకటి కన్నా కాస్త లోపలి దాకా పోతోంది. ఆ కాస్త తేలిక కూడా నాకే వచ్చింది, ఆమెకి రాలేదు.